తబేలా మొదలు మూసీ దాకా

చార్మినారునకు ఆగ్నేయముగా, యాకుత్‌పురా ఫలక్‌నుమా స్టేషన్ల నడుమ, రైలుమార్గమును ఆనుకొనియున్న ఉప్పుగూడ, పటముపై చూచువారికి ఇండ్లును గల్లీలును గుడులును మసీదులును దట్టముగా అల్లుకొన్న పాతబస్తీలో ఒక పేటగా మాత్రమే కనబడును గాని, నీటి నడకను పట్టి చూచినయెడల దాని స్వరూపము వేరుగా తోచును. దక్షిణమున బాలాపూరు, చాంద్రాయణగుట్టల వైపు నేల ఎత్తుగా నున్నది. ఉత్తరమున మూసీ లోయ పల్లముగా నున్నది. ఈ రెంటి నడుమనున్న వాలుమీద ఈ పేట వెలసినది. అడుగున గట్టి గ్రానైటు పరచుకొని యుండుటచేత, ఇచ్చట కురిసిన వాన లోతుగా ఇంకుటకు వీలులేక వాలువెంబడి పరుగిడును. అట్లు పరుగిడు నీటిని వృథాగా పోనీయక, ఒక చెరువు అలుగు పారినప్పుడు ఆ నీరు క్రింది చెరువునకు చేరునట్లు గొలుసుకట్టుగా చెరువులు కట్టి, వాని నడుమ వరద కాలువలకు దారి విడిచిన పూర్వుల వివేకము వలననే ఈ దక్కను మెట్టమీద ఇంత పెద్ద నగరము నిలువగలిగినది. నేడు మనము ముక్కు మూసికొని దాటుచున్న నాలాలు ఆ వరద కాలువలే.

ఆ కాలువలలో నేడు నడచునది వాననీరు కాదు. ఏడాదిలో వాన కురియు దినములు కొన్నియే గదా. తక్కిన దినములన్నిటను నాలా అడుగున సన్నగా కదలుచుండునది ఇండ్ల మురుగు, దానితో కలిసి పశువుల కొట్టములనుండి కడిగి విడిచిన పేడనీరు. ఇండ్ల మురుగును గూర్చి నగరములో చర్చ చాల జరిగినది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వరద నివారణకును, నగరపు మురుగు పారుదలకును పథకములు రచించిన నాటినుండి నేటివరకు అది పాలకుల దృష్టిలో నున్నదే. పేడనీటిని గూర్చి మాత్రము అట్టి శ్రద్ధతో ఆలోచించినవారు తక్కువ. పేడ మనకు చిరపరిచితమైన వస్తువు. వాకిట కళ్లాపి చల్లునది, గోడ అలుకునది, పొలమున ఎరువైనది. అది విషముగా మారునని మనసునకు తట్టదు. అది ఏ క్షణమున, ఏ కారణముచేత అట్లు మారుచున్నదో తెలిసికొనుటయే ఈ అధ్యాయము ఉద్దేశము.

హైదరాబాదు వారు పాడిపశువుల కొట్టమును తబేలా యందురు. నగరము నడుమ తబేలా ఏల వెలసెనను ప్రశ్నకు సమాధానము పాల స్వభావములోనే కలదు. పితికిన పాలలో సూక్ష్మజీవులు కొన్ని గంటలలోనే వేలనుండి లక్షలుగా వృద్ధి పొంది, పాలలోని చక్కెరను ఆమ్లముగా మార్చి, పాలను విరిచివేయును. ఎండకాలపు హైదరాబాదులో ఇందుకు ఒక పూటయైనను పట్టదు. శీతల యంత్రములు లేని దినములలో పాలను నిలువచేసి దూరమునుండి తెచ్చుటకు వీలులేకపోయెను గావున, పాలు త్రాగువారున్నచోటికే పశువు రావలసి వచ్చెను. తరతరములుగా ఈ వృత్తి చేయుచున్న గొల్లలు, యాదవులు నగరమునకు పాలు పోసిన ఉపకారులు. దీపావళి తరువాత దున్నలను అలంకరించి ఊరేగించు సదర్ ఉత్సవము నేటికిని ఆ వృత్తి గౌరవమునకు సాక్ష్యమిచ్చుచున్నది. తమ కన్నులయెదుట పితికిన చిక్కని బఱ్ఱెపాలయందు జనులకు గల విశ్వాసము ప్యాకెట్టు పాలు వచ్చిన తరువాతను తొలగిపోలేదు. అందువలననే తబేలాలును తొలగిపోలేదు. కాబట్టి ఇక్కడ దోషులను వెదకుట నా పని కాదు. పశువును పోషించు విధము మారినది, నేల మాయమైనది, నీటి గొట్టము వచ్చినది. ఈ మూడింటి కలయికను గమనింపవలెను.

తబేలా దినచర్య తెల్లవారక ముందే మొదలగును. వరుసగా కట్టివేసిన బఱ్ఱెల వెనుక, సిమెంటు చేసిన నేలపై, రాత్రియంతయు పడిన పేడ మూత్రముతో తడిసి, తొక్కిడికి మెదిగి, తిని విడిచిన గడ్డిపరకలతో కలిసి పరచుకొని యుండును. పాలు పితుకుటకు ముందు ఆ నేలయు పొదుగులును శుభ్రపడవలెను. లేనియెడల పాలు చెడును. పనివాడు గొట్టము చేతబట్టి నీరు విడువగానే ఆకుపచ్చని పసిరికతో, గోధుమవన్నె నురుగుతో, నలిగిన గడ్డిపోగులను మోసికొనుచు ఒక ప్రవాహము బయలుదేరి, పశువుల వెనుక గాడిలో పడి, గోడ క్రింది కన్నము గుండ వెలుపలికి పోవును. నేల మెరయును, తబేలా శుభ్రపడును. కన్నము ఆవల నాలా యున్నది. పారతో ఎత్తదగిన గట్టి పదార్థము, ఎవ్వరును ఎత్తలేని పలుచని ద్రవముగా మారిపోవుట ఈ కొన్ని నిమిషములలోనే జరుగును. దీని తరువాత వచ్చు కష్టములన్నియు ఈ నిమిషముల సంతానమే.

ఆ ద్రవములో ఏమున్నదో చూతము. బఱ్ఱె నాలుగు అరల ఉదరము కలది. అందులో మొదటిదగు పెద్ద అరలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిలోని సెల్యులోజును పులియబెట్టి పశువునకు ఆహారముగా మార్చుచుండును. ఎంత పులియబెట్టినను గడ్డి యంతయు జీర్ణము కాదు. లిగ్నిన్ అను కొయ్యవంటి పదార్థమును, దానితో పెనవేసికొన్న నారయు, చనిపోయిన సూక్ష్మజీవుల దేహములును, ప్రేవులనుండి ఊడిన కణములును కలిసి పేడగా వెలువడును. అందులో నూటికి ఎనుబది పాళ్లకు పైగా నీరే. తక్కినది ఇంకను శక్తి మిగిలియున్న సేంద్రియ పదార్థము. ఆ శక్తి యున్నదనుటకు పొయ్యిలో మండు పిడకయే నిదర్శనము. పిడక పొయ్యిలో మండునప్పుడు గాలిలోని ఆమ్లజనిని తీసికొనును. పేడ నీటిలో కలిసినప్పుడు సూక్ష్మజీవులు దానిని మెల్లగా మండించుచు నీటిలో కరగియున్న ఆమ్లజనిని తీసికొనును. రెండును దహనములే. భేదమెక్కడనగా, గాలిలో ఆమ్లజని అయిదవ వంతు. నీటిలో, 30 డిగ్రీల వేడిమివద్ద, లీటరునకు ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే.

ఈ రెండవ దహనమును కొలుచుటకు శాస్త్రజ్ఞులు ఏర్పరచిన కొలత బి.ఓ.డి. అనగా, లీటరు మురుగునీటిలోని సేంద్రియ పదార్థమును తినుటకు సూక్ష్మజీవులు ఎంత ఆమ్లజనిని కోరునో ఆ పరిమాణము. 1898లో ఇంగ్లండులో ఏర్పడిన మురుగు విసర్జన రాజ కమిషన్, 1912లో ప్రకటించిన తన ఎనిమిదవ నివేదికలో, శుద్ధిచేసి నదిలో విడుచు మురుగునకు అయిదు దినముల బి.ఓ.డి. లీటరునకు 20 మిల్లీగ్రాములు మించరాదని నిర్ణయించెను. మనదేశపు వేడిమికి తగినట్లు ఇచ్చట ఆ పరీక్షను 27 డిగ్రీలవద్ద మూడు దినములు చేయుదురు. పరీక్షాక్రమము సులభమే: నమూనాను స్వచ్ఛమైన నీటితో పలుచన చేసి, గాలి బుడగయైనను మిగులకుండ గాజుసీసాలో నింపి, బిరడా బిగించి, వెలుతురు సోకని పెట్టెలో ఉంచి, మొదటి దినమున ఉన్న ఆమ్లజనికిని మూడవ దినమున మిగిలిన ఆమ్లజనికిని గల తేడాను లెక్కింతురు. స్నానమునకు తగిన నదీజలమున ఈ కొలత 3 మిల్లీగ్రాములకు మించరాదు. ఇండ్ల మురుగులో 200 నుండి 300 వరకు ఉండును. చిక్కని పేడనీటిలో పదివేలు దాటును.

ఈ అంకెలను ఒక బఱ్ఱె దగ్గరకు తెచ్చి చూచిన విషయము బోధపడును. ఎదిగిన బఱ్ఱె దినమునకు ఇంచుమించు 15 కిలోల పేడ వేయును. పది లీటర్లకు అటు ఇటుగా మూత్రము విడుచును. ఈ రెండింటి బి.ఓ.డి. తక్కువలో తక్కువ 600 గ్రాములనుకొందము. మనిషి ఒక్కనికి మన ఇంజనీర్లు దినమునకు 45 గ్రాములు లెక్కింతురు గావున, మురుగు లెక్కలో ఒక బఱ్ఱె 13 మందికి సమానము. యాబది బఱ్ఱెల తబేలా ఒకటి నాలాకు తన పేడనంతయు విడిచినచో, ఆరువందల యాబదిమంది నివసించు బస్తీ మురుగును విడిచినట్లే. మరియొక విధముగా చెప్పవలెనన్న, ఆ 600 గ్రాముల ఆకలి తీరుటకు, లీటరునకు ఏడున్నర మిల్లీగ్రాముల చొప్పున ఆమ్లజని నిండియున్న నీరు ఎనుబదివేల లీటర్లు కావలెను. అనగా పదివేల లీటర్లు పట్టు ట్యాంకర్లు ఎనిమిది. ఇది ఒక్క పశువు, ఒక్క దినము. వేసవిలో ఉప్పుగూడ నాలా అడుగున పాదము తడియునంత మాత్రమే కదలు నీటికి ఆ శక్తి ఎక్కడిది?

ఆమ్లజని అడుగంటినంతమాత్రమున సూక్ష్మజీవుల పని ఆగిపోదు. గాలి అవసరము లేని జాతులు అప్పుడు ముందునకు వచ్చును. వానిలో కొన్ని, నీటిలోని సల్ఫేటు లవణములనుండి ఆమ్లజనిని లాగికొని, గంధకమును హైడ్రోజన్ సల్ఫైడు వాయువుగా విడుచును. కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన దీనిదే. ఇది నీటిలోని ఇనుముతో కలిసి నల్లని సల్ఫైడుగా అడుగునకు చేరుటచేత నాలా బురదకు ఆ నలుపు వచ్చినది. నాలా ప్రక్కన కాపురమున్న ఇండ్లలో వెండి పట్టీలు, కుంకుమ భరిణెలు తొందరగా నల్లబడుటకును ఈ వాయువే హేతువు. గాలిలో కోటి భాగములకు ఒక భాగముకంటె తక్కువ యున్నను మన ముక్కు దీనిని పసిగట్టును. కాని పదిలక్షల భాగములలో నూరు భాగములకు చేరినప్పుడు ఘ్రాణశక్తియే స్తంభించిపోవును. అపాయము పెరిగినకొలది హెచ్చరిక తగ్గిపోవు ఈ వికృత గుణమువలననే, మూతవేసిన కాలువలలోనికి, మ్యాన్‌హోళ్లలోనికి దిగిన కార్మికులు మారు మాట లేకుండ కుప్పకూలుదురు. మనుషులను అట్లు దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. అయినను మరణములు ఆగలేదన్న సంగతి వ్రాయుటకు చేయి వణకును. ఈ వాయువు, స్లాబు వేసి కప్పిన నాలాలలో పైకప్పు తడిని చేరి, అచ్చటి మరియొక జాతి బాక్టీరియాల వలన గంధకికామ్లముగా మారి, కాంక్రీటును పొరలు పొరలుగా తినివేయును. దుర్వాసన రాకుండ నాలాను కప్పుట పరిష్కారమని తలంచువారు ఈ సంగతి మరువరాదు.

మూత్రము సంగతి వేరు. అందులోని యూరియా, నేలపై నెల్లెడల నుండు యూరియేజ్ అను ఎంజైము తగులగానే, అమోనియాగాను బొగ్గుపులుసు వాయువుగాను విడిపోవును. తబేలాలో అడుగుపెట్టినవారికి కన్నులు మండుట దీనివలననే. నీటిలో చేరిన అమోనియా చేపలకు విషము. నేలలో ఇంకినది ఆమ్లజని సోకినచోట నైట్రేటుగా మారి, గ్రానైటు పగుళ్లగుండ బోరుబావులకు చేరును. త్రాగునీటిలో నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణము చెప్పుచున్నది. ఏలయన, 1945లో అమెరికాలోని అయోవా వైద్యుడు కామ్లీ, నైట్రేటు అధికముగా నున్న బావినీటితో పాలపొడి కలిపి పట్టిన పసికందులు నీలివన్నెకు తిరుగుట గమనించి, నెత్తురు ప్రాణవాయువును మోయు శక్తిని కోల్పోవుటయే అందుకు కారణమని వివరించెను. నైట్రేటు కాచినను పోదు, వడపోసినను పోదు, రుచిచేత తెలియదు. ఉప్పుగూడ ఇండ్లకు నల్లానీరు వచ్చుచున్నను, చాలనప్పుడు బోరు నీటిపై ఆధారపడువారు పాతబస్తీలో నేటికిని కలరు.

దోమలను గూర్చి కొద్దిగా చెప్పి విడిచెదను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ ఉదరములో మలేరియా క్రిమిని కనుగొన్నందున మన నగరము వైద్యచరిత్రలో శాశ్వత స్థానము పొందినది. కాని నాలా ప్రక్క ఇండ్లలో రాత్రులు నిద్రపట్టనీయని దోమ అది కాదు, క్యూలెక్సు. అనాఫిలిస్ చాలవరకు తేటనీటిని కోరగా, క్యూలెక్సు కుళ్లిన సేంద్రియ పదార్థము నిండిన నీటిలోనే సుఖముగా పెరుగును. బోదకాలు క్రిమిని మోయునదియు నిదియే. గాలిగొట్టము వంటి తోకతో ఉపరితలమునుండి శ్వాసించు దాని పిల్లపురుగునకు నీటిలో ఆమ్లజని లేకపోయినను లోటులేదు. దానిని తిను చేపలు మాత్రము అచ్చట బ్రతుకజాలవు.

ఇప్పుడు వాన సంగతి. పేడలోని నార నీటిలో కరగదు. ఇండ్ల మురుగులోని మెత్తని మడ్డివలె కొట్టుకొని పోదు. అడుగున పేరుకొని, ప్లాస్టిక్ సంచులను, గుడ్డపేలికలను, మట్టిని పట్టియుంచి, ఎండినప్పుడు చాపవలె గట్టిపడును. యాబది బఱ్ఱెల తబేలా ఏడాదికి వేయు పేడ ఇంచుమించు 270 టన్నులు. అందులో పొడి పదార్థము నలుబదియైదు, యాబదియైదు టన్నుల నడుమ నుండును. దానిలో సగము నాలాలో నిలిచినను, వరదను మోయవలసిన కాలువ ఎంత కుంచించుకొనిపోవునో ఊహింపవచ్చును. పూడిక తీయువారు వేసవిలో తీసి గట్టుననే పోసిన నల్లని కుప్ప, ఎత్తువారు రాకమునుపే తొలకరి వచ్చినచో, తిరిగి లోనికే జారును.

2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదుపై కురిసిన కుండపోతయు, ఆ వారములోనే మరల కురిసిన వానకు బాలాపూరు గుర్రం చెరువు కట్ట తెగుటయు ఈ వాలుమీది వారెవ్వరును మరువలేరు. హఫీజ్‌బాబానగర్ మొదలు ఛత్రినాక, ఉప్పుగూడ బస్తీల వరకు నీరు ఇండ్లలో నిలిచినది. చెరువు నీటితో పాటు నాలా అడుగున ఏండ్లతరబడి పేరుకొన్న నల్లబురద వంటగదిలోనికి, బియ్యపు డబ్బాలోనికి, పిల్లల పుస్తకములలోనికి వచ్చినది. ఆ విపత్తునకు తబేలాలే కారణమనుట అసత్యము. చెరువుల శిఖం భూములలో కట్టడములు, కుంచించిన కాలువలు, మేఘముల ఉధృతి ప్రధాన కారణములు. కాని ఇండ్లలోనికి వచ్చినది వట్టి వాననీరు గాక, పశువుల మూత్రముతో వ్యాపించు లెప్టోస్పైరా వంటి క్రిములకు ఆశ్రయమీయగల నీరై యుండుటకు ఈ పేడనీటి పాత్ర కలదు. లెప్టోస్పైరా చర్మముపై చిన్న గీత యున్నను లోనికి ప్రవేశించును. ముందు సాధారణ జ్వరముగా కనబడి, కొందరిలో కామెర్లుగాను మూత్రపిండముల వ్యాధిగాను ముదురును. వరద తీసిన పిమ్మట ఇల్లు కడుగుకొన్నవారు వట్టికాళ్లతోనే కడిగిరి గదా.

నాలాలు ఉత్తరమునకు సాగి మూసీలో కలియును. అనంతగిరి కొండలలో పుట్టి, నగరమును చీల్చుకొని, నల్లగొండ మండలములు దాటి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియు ఈ నది, నగరము దాటు వేళకు వేసవిలో ఇంచుమించు మురుగుతోనే నిండియుండును. అంబర్‌పేటలో దినమునకు 33 కోట్ల 90 లక్షల లీటర్లు శుద్ధిచేయు కేంద్రమున్నను, నేరుగా నదిలో పడు నాలాల నీటినంతయు అది అందుకొనలేదు. ఈ నీటితో నగరమునకు దిగువనున్న రైతులు వరి పండింతురు, ఆకుకూరలు పండింతురు. అన్నిటికంటె ముఖ్యముగా పారాగడ్డి పెంచుదురు. నీటిలో మునిగియు కుళ్లక, మురుగులోని నత్రజనిని ఆబగా పీల్చి, ఏడాది పొడవున కోతకు వచ్చు గడ్డి ఇది. దీనిని కోసి, కట్టలుగట్టి, తెల్లవారునప్పటికి నగరమునకు చేర్చుదురు. కొనువారు తబేలాల వారే. నాలాలో విడిచిన పేడలోని నత్రజని మూసీలో కలిసి, పారాగడ్డిగా మొలిచి, ఆటోలో నగరమునకు తిరిగివచ్చి, బఱ్ఱె కడుపున పడుచున్నది. పటాన్‌చెరులో కార్యాలయమున్న అంతర్జాతీయ జల యాజమాన్య సంస్థ పరిశోధకులు ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో మూసీ వెంబడి నీటిని పరీక్షించి, నదికి అడ్డముగా నున్న కత్వలవద్ద నీరు నిలిచి తేరుకొనుటచేతను, పొలములగుండ పారుటచేతను, నలుబది కిలోమీటర్ల దూరములో బి.ఓ.డి.యు ప్రేవుల పురుగుల గ్రుడ్లును మిక్కిలి తగ్గుచున్నట్లు చూపిరి. 1925లో స్ట్రీటర్, ఫెల్ప్స్ అను శాస్త్రజ్ఞులు అమెరికాలోని ఒహాయో నదిపై కనుగొన్న సూత్రమిదే: నది తన ఆమ్లజని అప్పును గాలినుండి తీర్చుకొనుచు కోలుకొనును, సమయమును దూరమును ఇచ్చినయెడల. ఆ నలుబది కిలోమీటర్లలో మోకాటిలోతు మురుగులో నిలిచి గడ్డి కోయు కూలీల కాళ్లకు పుట్టు పుండ్లు ఏ సూత్రమునను లెక్కకు రావు.

పల్లెలో ఈ సమస్య లేకపోవుట యాదృచ్ఛికము కాదు. అచ్చట బఱ్ఱె తిను గడ్డి అదే ఊరి పొలమున మొలచినది. పేడ పెంటకుప్పలో మాగి, బండి కట్టి, మృగశిర కార్తెకు ముందే ఆ పొలమునకు పోవును. మిగిలినది పిడకలై పొయ్యిలో మండును. ఉప్పుగూడ తబేలాకు వచ్చు వరిగడ్డి ఒక జిల్లాది, పత్తిగింజల చెక్క మరియొక జిల్లాది, తౌడు ఇంకొక మిల్లుది. బఱ్ఱెయే హరియాణాది కావచ్చును. ఎన్నియో పొలముల సారము లారీలపై ఈ ఇరుకు గల్లీకి చేరుచున్నది గాని, తిరిగిపోవు దారి లేదు. పిడకలు కొట్టుటకు గోడ లేదు. కొట్టినను గ్యాసు పొయ్యి వచ్చిన ఇండ్లలో కొనువారు లేరు. బండలు పరచిన ఇంటిని అలుకువారు లేరు. జర్మన్ రసాయనవేత్త లీబిగ్, నగరములు పొలముల సారమును లాగికొని నదులలో పారబోయుచున్నవని పంతొమ్మిదవ శతాబ్దిలోనే మొరపెట్టెను. ఆ నష్టమును మన లెక్కలో చెప్పెదను: ఒక బఱ్ఱె పేడ మూత్రములలో దినమునకు 120 గ్రాముల నత్రజని యున్నదనుకొన్నను, యాబది బఱ్ఱెలనుండి ఏడాదికి రెండు టన్నులకు పైబడును, యూరియాగా కొనవలసినచో 45 కిలోల బస్తాలు నూటికి తక్కువ కావు. యూరియా కొఱకు పాసుపుస్తకము చేతబట్టి రైతులు వరుసలు కట్టు రాష్ట్రములోనే ఇది జరుగుచున్నది.

తబేలాలను ఊరి వెలుపలికి తరలించిన చాలునని పలువురి అభిప్రాయము. బొంబాయి ప్రభుత్వము 1949లో ఆరే పాలకాలనీని స్థాపించి నగరములోని బఱ్ఱెలను అచ్చటికి తరలించుట మొదలిడెను. అచ్చట పచ్చిక నేల యుండుటచేత ఆ ప్రయత్నము చాలవరకు అర్థవంతమైనది. కాని పంజాబులోని లూధియానాలో తాజ్‌పూర్ రోడ్డు, హైబోవాల్ వద్ద నెలకొల్పిన డెయిరీ సముదాయముల పేడ బుడ్డా నాలాలో చేరి, ఆ నాలాను దేశములోనే మిక్కిలి మలినమైన వానిలో ఒకటిగా చేయుటకు తోడ్పడినది. కాలక్రమమున నగరము పెరిగి ఆ సముదాయములను చుట్టుముట్టినది. సంపన్నమైన నెదర్లాండ్సు దేశముకూడ, దూరదేశములనుండి దిగుమతి చేసికొన్న దాణాతో పెంచిన పశువుల పేడను తన చిన్న నేల మోయలేక, 2019లో అచ్చటి అత్యున్నత పాలనా న్యాయస్థానము తీర్పుతో పెద్ద సంకటమున పడినది. పశువును తరలించుట వేరు, పేడను నేలకు చేర్చుట వేరు. రెండవది జరుగక మొదటిది జరిగినచో నాలా పేరు మారునంతే.

జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశము ననుసరించి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో డెయిరీలకును గోశాలలకును మార్గదర్శకములు వెలువరించినది. పేడను గాని, కడిగిన నీటిని గాని శుద్ధిచేయక కాలువలలో విడువరాదనియు, పేడను కంపోస్టుగా, వర్మికంపోస్టుగా, గోబర్‌గ్యాసుగా వినియోగింపవలెననియు అవి చెప్పుచున్నవి. ఇవి మంచి మాటలు. అయితే పదునైదు ఇరువది బఱ్ఱెలతో బ్రతుకు ఈడ్చు తబేలావానికి స్థలము చూపక, కొనువానిని చూపక, జరిమానా మాత్రము విధించినయెడల, కన్నము మూతపడదు; కడుగు వేళ మారును.

నా అభిప్రాయమున మొదటి పని మిక్కిలి చౌకది: గొట్టము విప్పుటకు ముందు పార పట్టుట. నేలపై పడిన పేడలో పదింట తొమ్మిది పాళ్లు పారతోను రబ్బరు గోకుడుతోను పొడిగానే ఎత్తివేసి, ఆ తరువాత నీరు విడిచినచో, నాలాకు చేరు భారము ఆ మేరకే తగ్గును. నీటి ఖర్చును తగ్గును. నీటిలో కలిసిన పేడను మరల వేరుచేయుటకు తొట్లు, పంపులు, కరెంటు, నెలల కాలము కావలెను; కలియకమునుపు వేరుచేయుటకు ఒక మనిషి అరగంట చాలును. నేలకు కొంచెము వాలు పెట్టి, మూత్రము వేరుగాడిలో పోవునట్లు చేసినయెడల, అమోనియా ఘాటు కూడ సగము శాంతించును. కడిగిన నీటిని నాలాకు విడుచుటకు ముందు ఒక తొట్టిలో నిలిపి, జాలీతో గడ్డిపోగులను పట్టుట రెండవ పని. ఇవి శాస్త్రీయములు కావన్నట్లు చిన్నచూపు చూచువారు కలరు. మురుగుశుద్ధి శాస్త్రమునకు ప్రథమ పాఠమే ఇది.

ఎత్తిన పేడను ఏమి చేయవలెను? గోబర్‌గ్యాసు మనవారికి క్రొత్త కాదు. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ తేలుడు డ్రమ్ము నమూనాను 1960 దశకమునుండి ఊరూర ప్రచారము చేసినది. ఇరువదియైదు కిలోల పచ్చిపేడకు ఒక ఘనమీటరు వాయువు వచ్చునని స్థూలమైన లెక్క. యాబది బఱ్ఱెల తబేలా దినమునకు వేయు 750 కిలోలకు ముప్పది ఘనమీటర్లు. వంటకు పనికివచ్చు శక్తిలో అది ఇంచుమించు ఒక ఇంటి గ్యాసు సిలిండరునకు సమానము. ప్రతిదినము ఒక సిలిండరు నాలాలో పారవేయుచున్నామని అనుకొనవచ్చును. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు రూపొందించిన వాయురహిత రియాక్టరు, బోయిన్‌పల్లి మార్కెట్టులో దినమునకు పది టన్నుల కూరగాయల వ్యర్థమును వాయువుగాను విద్యుత్తుగాను మార్చగలుగునట్లు నెలకొల్పబడినది; అట్టి సామర్థ్యము ఈ నగరములోనే యుండగా పాతబస్తీ పేడకు మాత్రము అది అందదనుటకు కారణము నాకు కనబడదు. ఒక్క విషయము మాత్రము చెప్పక తప్పదు. గోబర్‌గ్యాసు తొట్టి పేడలోని కర్బనమును తీసికొనును గాని నత్రజనిని, భాస్వరమును తీసికొనదు. అవి స్లర్రీలోనే నిలిచియుండును. స్లర్రీ నాలాలోనికి పోయినచో పని సగమే జరిగినట్లు. అది పొలమునకు చేరి తీరవలెను.

పొలమునకు చేరుటలో చిక్కంతయు నీటి బరువుది. 15 కిలోల పచ్చిపేడలో పొడి పదార్థము రెండున్నర, మూడు కిలోలు, తక్కినదంతయు నీరు, ఆ నీటికి డీజిలు ఖర్చుపెట్టి మోయువారెవరు? నూటికి నలుబది పాళ్ల తడి మిగులునంతవరకు ఎండినయెడల అదే పేడ నాలుగు, అయిదు కిలోల నడుమకు దిగును. మూడు బండ్ల సరకు ఒక బండిలో పట్టును. పారాగడ్డి తెచ్చిన ఆటోట్రాలీలు ఉదయము ఖాళీగానే మూసీ వైపు మరలుచున్నవి. ఎండకాలములో ఈ ఎండబెట్టు పని రెండు మూడు దినములది. చిక్కు వానకాలపు నాలుగు నెలలలో నున్నది: ఉప్పుగూడ, ఛత్రినాక, గౌలిపురా తబేలాలకు ఉమ్మడిగా, గాలి పారునట్లు ప్రక్కలు తెరచి పైన రేకులు కప్పిన షెడ్డు ఒకటి, నాలా గట్టునకు దూరముగా, నగరపాలక సంస్థ స్థలములో వెలయవలెను. యాబది బఱ్ఱెల పేడను పది దినములు అరయడుగు మందమున పరచుటకు యాబది చదరపు మీటర్లకు కొంచెము హెచ్చు చాలును. అంతకు పదింతలు అడిగినను అది పెద్ద స్థలము కాదు.